మొదటి పేజీలో చెడిపోయిన తరంగం

ఎర్రగుంట్ల దగ్గర నేను పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో మొన్న ఒక ట్రాన్స్‌ఫార్మర్ గొంతు మారింది. రోజూ ఒద్దికగా గుంయ్‌మనేది కాస్తా కందిరీగల తుట్టెను కదిలించినట్టు గరగరలాడింది. తోటి ఇంజనీర్లు మీటర్ల కోసం పరుగెత్తారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఏం చేయను, ఆ గరగర వింటే నాకు షంషాద్ మేడం గుర్తొస్తారు. కర్నూలులో ఎంటెక్ చదివేటప్పుడు ఆవిడ నా గైడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కారిడార్ ఈ చివర ఆవిడ దగ్గితే ఆ చివర మేం నోట్సులు తెరిచేవాళ్లం.

ఏసీ కరెంటును డీసీగా మార్చేది రెక్టిఫైయర్. మామూలు రెక్టిఫైయర్‌కు తిండి మర్యాద తెలియదు. లైన్ నుంచి కరెంటును సాఫీగా తీసుకోకుండా ముక్కలుముక్కలుగా గుటకలేస్తుంది. ఆ గతుకులనే హార్మోనిక్స్ అంటాం. ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కి అరిచేది వాటివల్లే. దానికి మందుగా మేం నేర్చుకున్నది ప్రెడిక్టివ్ కంట్రోల్. ఆ పాఠానికి మేడం పుస్తకమే తెరవలేదు. నేల మీద చాక్‌పీసుతో పులిమేక గడులు గీసి, నన్ను మేకల వైపు కూర్చోబెట్టారు. తొందరపడి చేయి చాచానో లేదో, చేతి మీద ఒక్కటేశారు.

“కదిపినాక ఏడిస్తే ఏం లాభమ్మే? ఇట్ల పోతే ఏమైతాది, అట్ల పోతే ఏమైతాది, అన్నీ మనసులో ఆడి చూడు. అన్నిట్లోకి మంచిది ఒకటి ఆడు. మళ్లా మొదట్నుంచి ఆలోచించు.”

రెక్టిఫైయర్‌ను నడిపే కంట్రోలర్ చేసేదీ ఇంతే. స్విచ్చులను ఎన్ని రకాలుగా వేయొచ్చో అన్నీ ఊహించి, ఒక్కోదానికీ మరుక్షణం కరెంటు ఎలా ఉంటుందో లెక్కగట్టి, మనకు కావలసిన తరంగానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది. పాఠం బాగానే ఎక్కింది కానీ ఆటలన్నీ ఓడిపోయాను. జాలిపడి ఒక్కసారైనా గెలవనిస్తే ఆవిడ షంషాద్ మేడం ఎందుకవుతారు!

ల్యాబులో మా పద్ధతి బంగారంలా పనిచేసింది. నిజమైన యంత్రం మీద పనిచేస్తేనే థీసిస్ మీద సంతకం పెడతానని మేడం పట్టుబట్టారు. ఎంతమందిని బతిమాలినా, చివరికి ఒప్పుకున్నది బేతంచెర్లలో బండల పాలిష్ యూనిట్ నడిపే ఓబులరెడ్డి ఒక్కరే. ఎండాకాలంలో ఆ హార్మోనిక్స్‌కు తన ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందేమోనని భయపడే ఒప్పుకున్నారు. అయినా ఒక్క రోజే ఇచ్చారు. అక్కడ చెడితే నా చదువు అక్కడితో సరి. ల్యాబులోని ఖరీదైన కంప్యూటర్‌ను ఆ రాతి దుమ్ములో పెట్టడానికి మనసొప్పక, మేడం చిన్న కంట్రోలర్ బోర్డు ఒకటి పెట్టెలో బిగించి సిద్ధం చేశారు. ఉదయం స్విచ్ వేశాం. ట్రాన్స్‌ఫార్మర్ ముందుకంటే ఎక్కువ అరిచింది. తెర మీద తరంగం రంపం పళ్లలా లేచింది. భోజనాలయ్యాక పెట్టె విప్పుకొని వెళ్లమని ఓబులరెడ్డి మర్యాదగానే చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. మేడం మాత్రం ముందు అన్నం తిందాం పదమన్నారు. ఏడవడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలట.

హోటల్ రోడ్డుకు అవతల ఉంది. బండల లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. కళ్లు తుడుచుకుంటూ అడుగేయబోయాను. మేడం నా జడ పట్టి వెనక్కి లాగారు.

“లారీ ఇప్పుడు యాడుండాదో చూస్తే సాలదమ్మే. నువ్వు నడుమకు పోయేసరికి యాడికొస్తాదో అది...”

మాట అక్కడే ఆగింది. నా జడ వదలకుండానే యూనిట్ వైపు తిప్పేశారు. తప్పెక్కడో ఆవిడకు తట్టింది. ఆ చిన్న బోర్డు నిదానంగా ఆలోచిస్తుంది. అది లెక్క ముగించేసరికి కరెంటు ముందుకు వెళ్లిపోతోంది. అంటే బోర్డు వేసే ఎత్తు అప్పటికే దాటిపోయిన క్షణానిది. ల్యాబు కంప్యూటర్ చురుకైనది కాబట్టి ఆ ఆలస్యం మాకు కనబడలేదు. ఇక ఆలోచన ముగిసేసరికి కరెంటు ఎక్కడుంటుందో ముందు లెక్కగట్టి, అక్కడి నుంచి ఎత్తు ఎంచుకోవాలి.

పెట్టె విప్పడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. మేడం నేరుగా ఓబులరెడ్డి ముందుకు వెళ్లారు.

“పొరపాటు నాదేన్నా. ఈ పిల్లది కాదు, మీ లైన్‌ది కాదు. సాయంత్రం దాకా ఉండనీండి.”

ఆయన తన మనుషులను చేత్తో ఆపారు. “ఈడికొచ్చిన ఇంజనీర్లంతా తప్పు కరెంటుదే అన్న్యారు మేడం. నాది అన్నోళ్లు మీరే. కానీండి.”

అన్నం మాట మరిచిపోయి ప్రోగ్రాం మార్చాం. పొద్దుగూకే ముందు మళ్లీ స్విచ్ వేస్తే గరగర అణిగింది. తెర మీద తరంగం నున్నగా సాగింది. ఓబులరెడ్డి సంబరంగా బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెప్పించారు. నేను మూడోసారి పెట్టించుకుంటుంటే మేడం పగలబడి నవ్వారు. అంత రుచి మళ్లీ నాకు దొరకలేదు.

థీసిస్‌లో నేను ఆ నున్నటి తరంగం బొమ్మ ఒక్కటే పెట్టాను. మేడం రంపం పళ్ల బొమ్మను వెతికి తెప్పించి మొదటి పేజీలో పెట్టించారు. కింద ‘గైడు ఆలస్యాన్ని లెక్కించనందువల్ల’ అని స్వయంగా రాశారు. వద్దు మేడం, మీ పరువు పోతుందని బతిమాలాను.

“పోతే నాదే కదమ్మే పోయేది. నీ వెనకొచ్చే పిల్లకు ఒక రోజు మిగుల్తాది.”

ఇప్పుడు నా దగ్గర పనిలో చేరేవాళ్లకు మొదటిరోజు నేను గెలిచినవి చూపించను. పాడుచేసినవి చూపిస్తాను, ఎందుకు పాడయ్యాయో నా పేరు పెట్టి మరీ చెప్తాను. మేనేజరమ్మ ఇంత తెలివితక్కువదా అని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వనీ. నవ్వడం అయ్యాక, ఒక్కొక్కరే తాము పాడుచేసినవి చెప్పడం మొదలుపెడతారు.