నా బుగ్గకు అల్లిన ముక్కలు

మా వియ్యపురాలు ఇక లేరని ట్రాలీ అనే ఊరి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. "మధ్యాహ్నం కుర్చీలో కునుకులోనే పోయారు నాన్నా" అని, "ఒళ్ళో ఊలు అలాగే ఉంది" అంది.

వియ్యాలవారంటే ఎత్తిపొడుపులే కదా అంటారు. అవీ ఉండేవి, ఆ సంగతికే వస్తున్నాను. కిందటేడు అమ్మాయికి నెలలు నిండుతుంటే స్వోర్డ్స్ ఊళ్ళో మా అబ్బాయి ఇంటి నుంచి నేనూ ట్రాలీలో అమ్మాయి అత్తవారింటికి చేరాను. పుట్టిన బిడ్డను మెత్తటి అల్లిక గుడ్డలో చుట్టి ఫొటో తీయించాలని అమ్మాయి కోరిక. ఆ గుడ్డ తానే అల్లాలని అత్తగారి పట్టుదల. కానీ బిడ్డ పుట్టకముందు కొత్తబట్ట సిద్ధం చేయడం మా రెండిళ్ళలోనూ లేదు. పైగా అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు. పోనీ పుట్టాకే మొదలుపెడదామంటే ఆవిడ వేళ్ళకు కీళ్ళనొప్పులు. ఫొటోనేమో రెండు వారాల్లోపే తీయాలట, ఆ తర్వాత పిల్లలు అలా ముడుచుకుని పడుకోరట.

అందుకని ఆవిడ ముందుగా అరచేతంత ముక్కలు అల్లారు, ఏ అల్లిక బాగుంటుందో తేల్చుకోవడానికి.

"ఇవి బిడ్డకు కాదు అన్నయ్యగారూ, మీ బుగ్గకు. భోంచేశాక ఎలాగూ నిద్రపోతారుగా."

బడికి సరిగా వెళ్ళని నా మీద అంత పరిశోధన జరుగుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఒక్కో ముక్క మీద చెంప ఆన్చి నేను కునుకు తీసి లేవగానే, ఆవిడ కళ్ళజోడు సవరించుకుని నా చెంప పరీక్షించేవారు. నిలువు చాళ్ళ అల్లిక చక్కగా సాగింది గానీ, చెంపను దుక్కి దున్నినట్టు చేసింది. బుడిపెల అల్లికతో నాకు అమ్మవారు పోసినట్టయింది. చివరికి లావు సూదులతో, వదులుగా, సాదా అల్లిక. లాగితే సాగింది, వదిలితే దగ్గరికొచ్చింది, అచ్చు పడలేదు.

"అంచులు ముడుచుకుపోతున్నాయి చెల్లెమ్మా" అన్నాను.

"బిడ్డను చుట్టాక అంచులు లోపలే ఉంటాయి. మెత్తటివాటికి ఆ మాత్రం వంకర ఉంటుందిలెండి. మీకు లేదూ?"

అమ్మాయి ఆ ముక్కను లాగి చూసి, "గ్రాండ్, అత్తయ్యా" అంది. అంతలోనే పాతది గుర్తొచ్చిందేమో, ముఖం చిన్నబుచ్చుకుంది. ఆవిడ ముక్క తీసుకుని, సూదులు పెట్టెలో పెట్టేశారు. "మిగతాది బిడ్డ వచ్చాకే."

పాప ఏడుపు విన్నాకే మళ్ళీ తీశారు. వదులు అల్లిక కావడంతో వేళ్ళు మాట విన్నాయి. ఫొటోలో పాప చెంప ఆ గుడ్డకే ఆని ఉంది, నున్నగా.

ఫోన్ రాగానే ట్రాలీ చేరిన నాకు, కర్మలయ్యాక, పనికిరాదన్న చాళ్ళ ముక్క ఆవిడ కుర్చీ సందులో దొరికింది. నిన్న భోంచేసి దాని మీదే తల వాల్చాను. లేచి అద్దం చూసుకుంటే చెంప నిండా చాళ్ళు. పాప నా ఒళ్ళోకెక్కి, ఒక్కో చాలునూ వేలితో తడుముతూ కూర్చుంది, అవన్నీ మాసిపోయేదాకా.