పదకొండు పాయింట్లు

నేను తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. కబడ్డీలో కూతకు వెళ్లినవాళ్లు తిరిగి మధ్యగీత దాటితేనే లెక్క అన్న సంగతి కూడా నలభై రెండేళ్లు వచ్చాకే తెలిసింది. అలాంటి నా నెత్తిన ఆ ఏడు మేడ్చల్‌లో మా డిగ్రీ కాలేజీ వాళ్లు అమ్మాయిల కబడ్డీ జట్టును పెట్టారు. ఆటలు నేర్పే పీడీ సారు మానేసి వెళ్లిపోయాడు. కొత్తవాణ్ణి తీసుకోలేదు. "మీకు పీరియడ్లు తక్కువ కదా మేడం" అన్నారు ప్రిన్సిపాల్ గారు. తెలుగంటే అందరికీ తక్కువే అని ఒళ్లు మండింది గానీ, తణుకు నుంచి వచ్చి ఇక్కడ కాలనీలో స్థిరపడ్డాక ఇంటికి పది నిమిషాల దూరంలో దొరికిన ఉద్యోగం అది. నోరు మూసుకుని విజిల్ మెళ్లో వేసుకున్నాను.

జట్టు కెప్టెన్ శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల. ఫైనలియర్. మొదటిరోజే స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

"మేడం, రెండేండ్ల సంది ఒక్క మ్యాచ్ గూడ గెల్వలే. నాకిది ఆఖరి సంవత్సరం. ఒక్కటి గెలిస్తే సాలు, ఇగ ఏమడగ."

"ఒక్కటేంటి, అన్నీ గెలుస్తాం" అన్నాను. నా నోటికి అలాంటివి సులువుగా వస్తాయి.

మొదటి మ్యాచ్ ముప్పై నాలుగు, పదకొండు. పదకొండు మావి. సాయంత్రం ప్రిన్సిపాల్ గారు పిలిచి, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో నాలుగు ముక్కలు పెట్టమన్నారు. "ఓడిపోయారని మాత్రం రాయకండి. ఏదో పాజిటివ్‌గా రాయండి, భాష మీ చేతిలో పనే కదా" అన్నారు. నేను పొగడ్తకు పడిపోయే మనిషిని. అక్కడే కూర్చుని రాసేశాను: "పటిష్ఠమైన ప్రత్యర్థిని ఎదుర్కొని మన అమ్మాయిలు ఏకంగా పదకొండు పాయింట్లు సాధించారు. కెప్టెన్ చివరి ఊపిరి దాకా పోరాడిన తీరు చూపరులను కట్టిపడేసింది."

అందులో ఒక్క అబద్ధం లేదు. అవతలివాళ్ల ముప్పై నాలుగు లేదు, అంతే. 'ఏకంగా' అన్న మాట భలే పడిందని నాలో నేనే మురిసిపోయాను. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

రెండో మ్యాచ్‌లో మావి తొమ్మిది. "తొమ్మిది పాయింట్లతో సత్తా చాటారు" అని రాశాను. మూడోది వానలో జరిగింది. పిల్లలు బురదలో పొర్లి పొర్లి ఓడిపోతే, "మట్టిలో మాణిక్యాల్లా మెరిశారు" అని రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

కెప్టెన్ ప్రతిసారీ ఒకేలా దొరికిపోయేది. కూత పెట్టుకుంటూ బెదురు లేకుండా లోపలికి వెళ్లేది, ఎవరో ఒకరిని తాకేది, ఆ తర్వాత గిరుక్కున వెనక్కి తిరిగి మధ్యగీత వైపు పరుగెత్తేది. ఎవరో ఒకమ్మాయి వంగి చీలమండ పట్టేసేది. పిల్ల బోర్లా పడిపోయేది. చాచిన చెయ్యి గీతకు జానెడు దూరంలో ఆగిపోయేది. ఆ జానెడు దూరం నాకు మహా కవిత్వంగా కనిపించింది. నాలుగో మ్యాచ్ కబురులో దాన్ని కూడా వాడేశాను.

ఆ కబురు పెట్టిన మర్నాడు ఆ పిల్ల మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చింది.

"మేడం, మీరు గ్రూపుల రాసేటియి మా నాయిన సదువుతుండు."

"మంచిదేగా. సంతోషపడుతున్నారా?"

"మస్తు సంతోషపడ్తుండు" అంది. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు అక్కడే నిలబడింది. ఇంతలో బెల్లు కొట్టారు. నేను హాజరుపట్టీ తీసుకుని క్లాసుకు వెళ్లిపోయాను. అయిదోది కూడా ఓడిపోయారు. దానికి కూడా ఏదో ఒకటి రాశాను.

ఆరోది, ఆఖరిది, మా గ్రౌండ్‌లోనే పెట్టారు. పొద్దున పదిన్నరకు ఒక మోపెడ్ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మడమల దాకా లుంగీ, మోపెడ్ వెనక తాడుతో కట్టిన పెద్ద స్టీలు డబ్బా. ఆయన నేరుగా నా దగ్గరికి వచ్చి దండం పెట్టాడు.

"మీరే గద మేడం, గా ముచ్చట్లు రాసేది? నేను కెప్టెన్ నాయిన్ని."

ఫోన్ తీసి చూపించాడు. అయిదు కబుర్లూ దాచుకున్నాడు. "ఒక్కొక్కటి నాలుగైదు సార్లు సదివిన. మా చేపల సొసైటీల అందరికి సూపిచ్చిన. ఐదుకు ఐదు గెల్సిండ్రు!"

కాదని చెప్పబోయాను. ఆయన ఆనందంగా చెప్పుకుపోతున్నాడు.

"నేను గూడ ఆడినోణ్ణే మేడం. మా దిక్కు కూతకు వోవుడంటే నేనే వోవాలె. మా కాలంల పదకొండు కొట్టినమంటే అవుతలోళ్లకు ఐదో ఆరో. ఊరంత మోసేటోళ్లు మమ్ముల. గెల్సినోళ్లకు కొర్రమీను పులుసు వండి పెట్టాలె, అది మా రివాజు. ఐదు గెల్సిండ్రు, ఇగ ఆరోదానికన్న తేకుంటె ఎట్ల?"

డబ్బా షెడ్డు నీడలో పెట్టి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. మ్యాచ్ మొదలుకాబోతోంది కదా, ఈ ఒక్కటీ గెలిస్తే బతికిపోతాను కదా అని దేవుడి మీద భారం వేశాను.

కూతురు మొదటి కూతకు వెళ్లింది. తాకింది. తిరిగింది. దొరికిపోయింది.

"అరె, ఎన్కకు తిరిగింది" అన్నాడు ఆయన, తనలో తనే. రెండోసారి కూడా అంతే. ముందుకు వంగి కూర్చున్నాడు. మూడోసారి పిల్ల బోర్లా పడ్డాక నా వైపు చూశాడు.

"ఎప్పుడు గిట్లనే ఆడుతదా మేడం?"

"అవునండీ."

"మరి ఎన్ని గెల్సిండ్రు?"

అలంకారాలు, సమాసాలు, ఇరవై ఏళ్ల పాఠాలు ఏవీ అక్కరకు రాలేదు. "ఒక్కటీ గెలవలేదండీ" అన్నాను.

ఆయన మళ్లీ బరి వైపు తిరిగాడు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. మ్యాచ్ చివరి దాకా కదలకుండా చూశాడు. ముప్పై ఒకటి, పదమూడు. పిల్లలు బరిలోంచి బయటకు వస్తుంటే, నెమ్మదిగా అన్నాడు.

"ఓడుతున్నరని ఒక్క మాట రాస్తే నేనొస్తుంటి గద మేడం. పొద్దుగాల వలలు తీసినంక నాకేం పని? దీనికి మస్తు దినాలు గూడ వట్టదు. ఎన్కకు తిరగొద్దని జెప్పుడే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ చీలమండ దొరకడం అయిదు మ్యాచుల్లోనూ కళ్లారా చూశాను. చూసిన ప్రతిసారీ దానికి ఒక మంచి మాట వెతికాను తప్ప, ఎందుకు దొరుకుతోందని ఎవరినీ అడగలేదు.

పిల్ల వచ్చి తండ్రి ముందు తల దించుకుని నిలబడింది. "ఎందుకు చెప్పలేదమ్మా నాన్నకి?" అన్నాను. నేను అడగకూడని ప్రశ్నే అది.

"మొదటిసారి మీరు రాసింది సదివి నాయిన ఇంట్ల అందరికి గెల్సిండ్రని జెప్పిండు. మేడం రాసినంక నేను గాదని ఎట్లంట? మీరు అబద్దం రాసిండ్రని అన్నట్లైతది గద" అంది.

తండ్రి డబ్బా మూత తీశాడు. "తినుండ్రి బిడ్డా. ఓడితే ఆకలి గాకుంటదా?" అని పిల్లలందరికీ అన్నం, పులుసు తనే వడ్డించాడు. కన్నీళ్లూ ముక్కులూ తుడుచుకుంటూనే తిన్నారు. ముళ్లు చూసుకుని తినమని ఒక్కొక్కరికీ చెప్పాడు. కూతురు మాత్రం ముట్టుకోలేదు.

అది చూసి ఆయన లేచాడు. లుంగీ ఎగ్గట్టి బరిలోకి దిగాడు. చెరిగిపోయిన మధ్యగీతను మడమతో మళ్లీ గీశాడు. "రా బిడ్డా. కండ్లు వాళ్ల చేతుల మీదుండాలె. కాళ్లు ఎన్కకు నడ్వాలె. మొకం తిప్పొద్దు." రెండుసార్లు తనే చేసి చూపించాడు. పట్టడానికి మనిషి కావాలి. పిల్లల చేతులన్నీ అన్నంలో ఉన్నాయి.

"మేడం, జర మీరు నిలబడుండ్రి" అన్నాడు.

కొంగు దోపుకుని నిలబడ్డాను. పిల్ల కూత పెట్టుకుంటూ వచ్చింది, నా భుజం తాకింది, అలవాటు కొద్దీ గిరుక్కున తిరిగింది. వంగి పట్టుకున్నాను. నాకు కూడా దొరికింది ఆ చీలమండ, అంత సులువుగా. గబుక్కున వదిలేశాను.

"ఇంకోసారి" అన్నాడు తండ్రి.

ఈసారి తిరగలేదు. నా చేతుల్నే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేసింది. నేను నిజంగానే పట్టుకోవాలని వంగాను. పిడికిట్లోకి మట్టి తప్ప ఏమీ రాలేదు. తల ఎత్తేసరికి ఆమె మడమ గీత దాటి ఉంది, ఊపిరి ఇంకా మిగిలే ఉంది, కూత ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఒచ్చింది నాయినా!" అని అరిచింది. ఆ ఏడాది మొత్తంలో ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదటిసారి. తండ్రి అటు తిరిగి చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు.

ఆమె గీత అవతల అలాగే నిలబడి రొప్పుతూ నా వైపు చూసింది. నవ్వు మెల్లగా పోయింది.

"ఇగ మ్యాచులు లేవు గద మేడం?"

"లేవమ్మా" అన్నాను. ఇంకేమీ కలపలేకపోయాను.