ఆడిలో కొన్న గ్రైండరు

కొత్త వినియోగదారుల చట్టం అమల్లోకి వచ్చాక, నా రిటైర్మెంటుకు కొంచెం ముందు, కోయంబత్తూరులో వినియోగదారుల కమిషన్ ఆఫీసుకు నన్ను హెడ్ క్లర్కుగా మార్చారు. వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ముందు నేను పరిశీలించాలి. కాగితాలు సరిగా ఉంటేనే నంబరు పడుతుంది, నంబరు పడితేనే అధ్యక్షుల ముందుకు వెళ్తుంది. నేను మొట్టమొదట చూసేది గడువు. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు రావాలి. దాటితే, ఆలస్యానికి తగిన కారణం చూపి మన్నించమని వేరే అర్జీ పెట్టుకోవాలి. దాన్ని కొట్టేస్తే, సరుకు ఎంత చెడ్డదైనా కేసు గడప దాటదు.

ఒకరోజు పీలమేడు నుంచి రంగనాయకి అనే ఆమె వచ్చింది. కాలేజీ హాస్టళ్లకు ఇడ్లీ పిండి రుబ్బి పోస్తుంది. ఇల్లు గడిచేది ఆ పిండి మీదే. దానికోసం పెద్ద గ్రైండరు కొంటే, నడిపిన మొదటి రోజే తడిచేతికి షాక్ కొట్టింది. షాపు మెకానిక్కు వచ్చి ఏదో బిగించి పోతాడు, నాలుగు రోజులకు మళ్లీ అదే వరస. చివరికి పక్కింటి గ్రైండరు బాడుగకు తీసుకుని రుబ్బుకుంటోంది.

బిల్లు చూస్తే రెండేళ్లు దాటి కొద్ది రోజులైంది. నాకు చిరాకు వేసింది. ఇన్నాళ్లూ ఏం చేశావమ్మా అని అడిగాను.

“అంగడి మేనేజరు మన మాటోడు సార్. ‘అక్కా, నేనుండా గదా, మార్చిస్తా’ అనె. తెలుగు మాట్లాడేవోని మీద ఎట్ల కేసు ఏసేది?”

మా ఊళ్లో తెలుగు కుటుంబాలకు ఇది పాత జబ్బు. అంగట్లో ఇంటి భాష వినబడితే చాలు, కరిగిపోతారు. మా ఇంట్లోనూ ఉంది ఆ జబ్బు.

గడువు దాటిందని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు.

“ఆడిలో తగ్గింపుకు కొంటిమి సార్. కొత్త సామాను ఆడిలో ఎవురన్నా నడుపుతారా? ఆవణి పుట్టినాక మంచి నాళు చూసి, పూజ పెట్టి దా స్విచ్చి ఏసినా. షాకు కొట్టేది అప్పుడు దా తెలిసె.”

తమిళ పంచాంగంలో ఆడి, మన ఆషాఢంలాగే, శుభానికి పనికిరాని నెల, దాని తర్వాతది ఆవణి. లోపం తెలిసిన రోజు నుంచి లెక్కిస్తే ఫిర్యాదు గడువులోనే ఉంది. కానీ ఆమె మాట తప్ప వేరే రుజువు లేదు. జాగ్రత్తకు ఆలస్యం మన్నించమనే అర్జీ కూడా జతచేయమన్నాను. లోపల మాత్రం, ఇది నిలవదనే అనుకున్నాను.

విచారణ రోజు షాపు లాయరు బిల్లు తేదీని పట్టుకుని గట్టిగా వాదించాడు. కొన్ననాటి నుంచే వాడి ఉంటారన్నాడు. అధ్యక్షులు అతని పక్కనే నిలబడ్డ మేనేజరును, ఆడిలో అమ్మిన గ్రైండర్లు మీవాళ్లు ఎప్పుడు బిగిస్తారని అడిగారు. తన షాపు గొప్ప చెప్పుకునే అవకాశం దొరికిందని మేనేజరు మురిసిపోయాడు. ఆడిలో ఎవరూ పెట్టె విప్పరనీ, ఆవణి ముహూర్తానికి తమ మెకానిక్కులు ఇల్లిల్లూ తిరిగి బిగిస్తారనీ, కొబ్బరికాయ కూడా షాపు ఖర్చేననీ చెప్పాడు. ఈ అక్క ఇంటికైతే తానే స్వయంగా వెళ్లి కాయ కొట్టానన్నాడు. లాయరు తల పట్టుకున్నాడు.

రంగనాయకి నా వైపు తిరిగి, “చెప్తిని గదా సార్, మనోడు మంచోడని” అంది.

నవ్వు ఆపుకోలేక మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆమె కంటే నాకే ఎక్కువ ప్రాణం కుదుటపడింది.

ఫిర్యాదు గడువులోనే ఉందని ఉత్తర్వు వచ్చింది. మన్నింపు అర్జీతో పనే పడలేదు. తర్వాత షాపువాళ్లు వాయిదాలు లాగకుండా కొత్త గ్రైండరు ఇచ్చి రాజీ పడ్డారు. దానికి కాయ ఎవరు కొట్టారో నేను అడగలేదు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా, బిల్లు తేదీ చూసి ఊరుకోకుండా లోపం ఎప్పుడు తెలిసిందని కూడా అడిగేవాణ్ని. చదివేవారికి చెప్పదగింది ఇంకొకటి ఉంది. మార్చిస్తాం ఆగండి అని షాపువాళ్లు అన్నంత మాత్రాన గడువు ఆగదు, ఆ మాట ఏ భాషలో అన్నా సరే.