ఎడమచేతి సీటు

ఇప్పటికీ ఏ మౌసు పట్టుకున్నా జెన్నీ అక్క గుర్తొస్తుంది. 2006లో నర్సీపట్నం బస్టాండు దగ్గర ఇంటర్‌నెట్ సెంటర్ నడిపేది. చిరాకు మనిషి, కరెంటు పోయినా కస్టమర్లనే తిట్టేది. నాది ఎడంచేతి వాటం. "కుడి చేత్తో నేర్చుకో" అని ఇంట్లో, బళ్లో అందరూ చెప్పినవాళ్లే. ఆమె మాత్రం మౌసుతో నా తంటాలు చూసి, "ఎడం సెయ్యని సెప్పవేటే?" అని కసిరింది.

కంప్యూటరుకి ఆదేశాలు టైపు చేసే నల్ల తెర ఒకటి తెరిచి, చిరునామాలో మండలం, ఊరు, వీధి, ఇల్లు రాసినట్టు, డెస్క్‌టాప్, పరికరాలు, మౌసు, ఎడంచెయ్యి అని ఇంగ్లీషులో వరసగా టైపు చేసింది. "ముందు అడగాల, తరవాతే మార్సాల" అంది. ఎడంచేతి మౌసేనా అని అడిగితే కంప్యూటరు 'కాదు' అని చూపించింది. దాన్ని 'అవును' అని మార్చగానే మౌసు బటన్లు అటువి ఇటయ్యాయి. ఆ మూల సీటు నాదైపోయింది. నేను లేచి వెళ్లాక మళ్లీ మార్చేస్తుందనే అనుకునేదాన్ని.

సెంటర్ మూసేసే రోజుకి కంప్యూటర్లన్నీ బేరమైపోయాయి. చివరిసారి నా సీట్లో కూర్చుని అదే ప్రశ్న టైపు చేశాను. 'అవును' అని వచ్చింది.

"దీన్ని మార్చలేదేటక్కా? కొన్నవాళ్లకి ఇబ్బంది కదా?"

"ఇన్నాళ్లూ అందరూ నిన్నే కదే నేర్సుకోమన్నారు. ఇప్పుడు ఆళ్లు నేర్సుకుంటారు" అంది, వైర్లు చుట్టుకుంటూ.