ఎద్దుల పక్కన పాకిన బిడ్డ

ఆ ఏడు మా ఊళ్లో ఒక హత్య జరిగింది. మావాళ్లే చేశారన్నారు. అవతలి పార్టీ ఎప్పుడు మీద పడుతుందోనని మగవాళ్లం పగలు కూడా తలుపులు బిగించుకుని కూర్చునేవాళ్లం. ఎద్దులను బయట కట్టేస్తే కాళ్లు నరికిపోతారు. అందుకని జతను ఇంట్లోకి తోలి గుంజకు కట్టాం. వాటికి నాలుగడుగుల దూరంలోనే నా కూతురు పాకేది. ఎనిమిది నెలల పిల్ల. పేడ అంటిన గడ్డిపరక దొరికితే నోట్లో పెట్టుకునేది. కుడితి ముంచిన చెంబునే తాగే నీళ్ల కుండలోనూ ముంచేవాళ్లం. నా భార్య పిల్లను ఇవతలికి లాగబోతే మా అమ్మ నవ్వేది, మన్ను తినకుండా పెరిగిన బిడ్డ యాడుందని.

నా చెవులు వీధివైపే ఉండేవి. చావు వస్తే గోడ దూకే వస్తుందనుకున్నాను.

పిల్లకు బేదులు పట్టుకున్నాయి. నీళ్లు పోస్తే ఇంకా పారుతుందని మా అమ్మ గొంతు కూడా తడపనివ్వలేదు. నేనూ సరేనన్నాను. రెండో రోజుకు మాడు లోపలికి దిగింది. ఏడుస్తున్నా కంట్లో నీళ్లు రాలేదు.

మాది జమ్మలమడుగుకు ఆవలి పల్లె. ప్రొద్దుటూరు ఆసుపత్రికి పోయే బస్సు అవతలి పార్టీ ఊళ్లో ఆగుతుంది. చంటిబిడ్డ తల్లిని ఎవరూ ముట్టరు, ఆ కట్టుబాటు మాత్రం ఉండేది. పక్కన మగవాడుంటే అదీ చెల్లదు.

"నువ్వు రావాకు మామా," అంది నా భార్య. "నువ్వుంటే బస్సు నిలేస్తారు. బిడ్డ దోవలోనే పోతాది."

పక్కింటి దూదేకుల ముసలామె తోడు వెళ్లింది. నేను లోపల గడియ వేసుకున్నాను. రెండు రోజులు కబురు లేదు. ఎద్దు బుస కొట్టినా పిల్ల మూలిగినట్టే వినపడేది.

మూడో రోజు మధ్యాహ్నం వచ్చారు. పిల్ల బతికింది. నీళ్లు మాన్పించిందెవరని డాక్టరమ్మ తిట్టిందట. పేడ నోట్లో పడిందా, బిడ్డ పాకేది ఎక్కడని అడిగితే చెప్పడానికి నా భార్యకు సిగ్గేసిందట. బాంబులకు మందు పంపిన మా నాయకులు, నీళ్లు కాచి పట్టండని చెప్పే మనిషినొకరిని మా ఊరికి పంపలేదు. అవతలివాళ్లూ అంతే.

పిల్లను ముసలామె ఒళ్లో పెట్టి, నా భార్య నేరుగా పోయి ఎద్దు పలుపు విప్పింది.

"బయట కట్టేస్తే కాళ్లు నరుకుతారు మే," అన్నాను.

"నరకనీ. ఎద్దులు సంతలో దొరుకుతాయి."

గడియ తీసి తోలుకుపోయింది. వీధిలో ఎవరూ లేరు. రెండోదాని పలుపు పట్టుకుని నేనూ బయటికి నడిచాను.