రాజు సమాధి దగ్గర నా కడుపు చల్లబడిన సంగతి

రండి, చాప మీద చోటుంది, దగ్గరగా జరిగి కూర్చోండి. గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

పోయిన నెల మనవరాలు నన్ను వియత్నాం తీసుకెళ్ళింది. పొద్దున్నే పడవెక్కితే సాయంత్రం దాకా ఏటి మీదే. ఒడ్డున మా గోదావరి లంకల్లాగే అరటితోటలు, కూరపాదులు, మధ్యలో దిగి చూడడానికి పల్లెలు. ఒక పల్లెలో రంగురంగుల అగరొత్తుల కట్టలు పువ్వుల్లా విప్పి ఎండబెట్టారు, అక్కడొక ముసలామె నా చెయ్యి పట్టుకుని తన భాషలో ఏదో అడిగితే నేను నా భాషలో జవాబిచ్చాను, ఇద్దరికీ బాగానే అర్థమైంది. మధ్యాహ్నం రాజుల సమాధుల దగ్గర దింపారు. ఒక రాజును అసలెక్కడ పాతిపెట్టారో ఎవరికీ తెలియదట, ఆ పని చేసినవాళ్ళు నోరు విప్పకుండా వాళ్ళ తలలు తీయించారని చెప్పుకుంటారట. మనవరాలు అయ్యో అంది. చావును దాచిన చేతులకు తలలు పోయాయని వినగానే నాకు మాత్రం కడుపు చల్లబడింది.

డెబ్భైల చివర నేను కువైట్‌లో, సాల్మియాలో ఒకరింట పనికి కుదిరాను. వంటకు రాయచోటి అక్క ఉండేది. రంజాన్ నెలంతా ఆమెకు ఉపవాసం. మేం క్రైస్తవులం కనుక ఆమె వండితే ఉప్పు చూసి చెప్పడం నా పని. ఆ ఏడు రంజాన్ సగంలో బియ్యం డబ్బా అడుగున నా పేరున వచ్చిన రెండు టెలిగ్రాములు దొరికాయి. ఆ ఇంటి కారు నడిపే డ్రైవరన్న చదివి పెట్టాడు. మొదటిది, అమ్మకు బాగాలేదు, నిన్ను చూడాలంటోంది రమ్మని. నాలుగు రోజుల తర్వాతది, అమ్మ పోయిందని. ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్ళం, అడిగితే ఊరికి పంపే మనిషే, అంతకుముందు డ్రైవరన్నను పంపింది కూడా.

అక్కను నిలదీశాను. కళ్ళెత్తకుండా ఉల్లిపాయలు తరుగుతూనే అంది, “నువ్వు పోతే ఈ రంజాన్ పనంతా నేనొక్కదాన్నే సచ్చేదా మే? పోయినామె ఎట్లా పోయ!”

నేను ఏడవలేదు. మామా వాళ్ళ అత్తగారూ ఆడబిడ్డలూ ఇఫ్తారుకు వచ్చే రోజు కోసం కాచుకుని కూర్చున్నాను. ఆరోజు మాంసం, బియ్యం పెద్ద దేగిసాలో ఉడుకుతుంటే అక్క గరిటె చాచి, “ఉప్పు చూడు మే” అంది. సరిగ్గా సరిపోయింది. “ఇంకొంచెం పడాలక్కా” అన్నాను. వేసింది. మళ్ళీ చూశాను, మళ్ళీ పడాలన్నాను. మూడోసారి నా నాలుక మండిపోతున్నా ముఖం కదలనివ్వలేదు.

మొదటి ముద్దకే అత్తగారు ఉమ్మేసింది. అంతమంది ముందు మామా ఖలాస్, నీ వంట ఇక చాలు అని అరిచి గరిటె లాగేసి నా చేతికిచ్చింది. అక్క నా వైపు చూసింది, అర్థమైంది, కిక్కురుమనలేదు. నేనెందుకలా చేశానో ఆమె చెప్పాలంటే టెలిగ్రాముల సంగతీ చెప్పాలి కదా! తర్వాత రెండేళ్ళు ఆమెచేత అంట్లు తోమించాను. పని ఖలాస్ చేసుకుని ఆమె ఊరెళ్ళిపోయేరోజు వంటింటి గుమ్మంలో చాలాసేపు నిలబడింది, నేను పొయ్యి వైపు నుంచి తిరగలేదు. ఒక్కరోజూ జాలి రాలేదు, అబద్ధమెందుకు.

ఇప్పుడు కబురు దాచేవాళ్ళకు పని లేదు. కువైట్‌లో ఉన్నవాళ్ళు కూడా ఇంటి చావును ఫోన్‌లో చూసి, వేళకు ఏడుస్తున్నారు. మొన్నామధ్య ఆ అక్క పోయిందని కూడా గంటలోపే ఫోటోతో సహా నాకు చేరింది. ఆమె చివరి ముఖం చూశాను. మా అమ్మది చూడలేదు.

మీ ఇంటి కబురు, మంచిదైనా చెడ్డదైనా, వేళకు మీ చేతికే అందాలి; మీ అమ్మలు మిమ్మల్ని కళ్ళారా చూసుకోవాలి; మీ ఇల్లు చల్లగా ఉండాలి.