తుపాకీకి బొట్టు పెట్టిన అన్నయ్య

మా డ్రైవరన్నయ్య పోయారని పోయిన శుక్రవారం కబురొచ్చింది. నేను ఇంటి యజమానురాలు మదామ్ నల్ల అబాయాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆయన కూతురు వాట్సాప్‌లో వాయిస్ పెట్టింది. "అత్తా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగిండు, మల్ల లేవలె." అంతే. ఇస్త్రీ పెట్టె ఆపేసి, అది చల్లారేదాకా అక్కడే నిలబడ్డాను. ఏడుపు కూడా వెంటనే రాలేదు.

సౌదీలో కొండ మీది తాయిఫ్‌లో ఉన్న ఈ ఇంటికి నేను వంటపనికి వచ్చేనాటికే ఆయన ఇక్కడ పాతకాపు. మాది గోదావరి వైపు, ఆయనది జగిత్యాల వైపు. జెద్దా ఎయిర్‌పోర్టులో నన్ను ఎక్కించుకుని వచ్చింది ఆయనే. మదామ్ పక్కన కూర్చుని, ముసుగు వెనక నేను ఏడుస్తూనే ఉన్నాను. అద్దంలోకి చూడకుండానే అన్నారు, "ఏడువు చెల్లె, ఘాట్ ఎక్కేదాక ఏడువు. ఎక్కినంక చల్లగైతది, నిద్రొస్తది." అలాగే జరిగింది. కొండ మీదికి వెళ్లేసరికి కళ్లు మూతలు పడ్డాయి. మధ్యలో ఒకసారి తెరిచి చూస్తే కారు మబ్బులోంచి వెళ్తోంది. రోడ్డు లేదు, కొండ లేదు, అంతా తెలుపు. రోడ్డు పక్క గోడ మీద కోతులు వరసగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి. అది కల అనే చాలాకాలం అనుకున్నాను. తర్వాత అదే దారిలో ఎన్నిసార్లు వెళ్లినా ఆ మొదటిసారి చూసిన కోతులు మాత్రం మళ్లీ కనిపించలేదు.

బండి తీసే ముందు స్టీరింగ్‌ని తాకి కళ్లకద్దుకోవడం ఆయన అలవాటు. హారన్ కొట్టడం నేను దాదాపుగా వినలేదు. "బండికి నోరు లేదు చెల్లె, మనమే ఇనాలె" అనేవారు. మబ్బు దిగినప్పుడు అద్దం దించి చెయ్యి బయట పెట్టి, తడిసిన అరచేతిని మొహానికి రాసుకునేవారు. మదామ్ విసుక్కునేది. నేను నవ్వు ఆపుకునేదాన్ని.

ఈ ఇంటి పెద్దాయనను మేమంతా బాబా అంటాం. ఆయనకు వేట పిచ్చి. చలికాలం వచ్చిందంటే ఉత్తరాన ఎడారికి వెళ్లాల్సిందే, ఇసుకలో బండి నడపడానికి అన్నయ్య ఉండాల్సిందే. ఒక ఏడాది, లైసెన్సు మీద కొత్తగా కొన్న వేట తుపాకీ మొరాయించింది. మీట నొక్కితే ఒకసారి పేలేది, ఒకసారి పేలేది కాదు. వారంటీ ఉంది కాబట్టి జెద్దాలో అమ్మిన దుకాణానికి అప్పజెబితే, వాళ్లు దాన్ని యూరప్‌లోని కంపెనీకి పంపుతామన్నారు. ఒకటే షరతు. నూనె వెయ్యకూడదు, తుడవకూడదు, ఉన్నది ఉన్నట్టే పంపాలి.

సరిగ్గా అప్పుడే అన్నయ్య కూతురికి నెలలు నిండుతున్నాయి. పుట్టిన బిడ్డను మొదటిసారి ఊయలలో వేసే పండగను వాళ్ల వైపు తొట్టెల అంటారు. తన పిల్లల్లో ఒక్కరి తొట్టెలకూ ఆయన ఊళ్లో లేరు. ప్రతిసారీ ఏదో సైట్లోనో, ఎవరి బండిలోనో ఉన్నారు. ఈసారైనా వెళ్లాలని సెలవు అడిగితే బాబా తేల్చి చెప్పారు. "తుపాకీ రానీ. వేటకు వెళ్లి వచ్చాక వెళ్దువుగాని." ఇంకేముంది, ఆ తుపాకీ మీదే ఆయన ప్రాణమంతా.

జెద్దా ప్రయాణం రోజు కారు షెడ్డులో దాన్ని పెట్టెలో సర్దుతున్నాం. బాబా సాయంకాలపు అసర్ నమాజుకు లేచారు. చుట్టడానికి పాత దుప్పటి పట్టుకుని నేను నిలబడ్డాను. అన్నయ్య జేబులోంచి చిన్న డబ్బా తీశారు. ఊరి నుంచి తెచ్చుకున్న కుంకుమ. దసరా నాడు ఎవరికీ కనపడకుండా స్టీరింగ్ కింద పెడతారని నాకు తెలుసు.

"అన్నయ్యా, మీకేమన్నా మతి పోయిందా? అది వాళ్ల తుపాకీ" అన్నాను.

"దూరం పోతుంది చెల్లె. ఇంట్లకెళ్లి పోయేదాన్ని ఉట్టిగ పంపుతమా? మంచిగ పోయి జల్ది రావాలె." మీట పక్కన, చెక్క ఇనుమును కలిసే చోట, గోటితో ఇంత బొట్టు పెట్టారు. పెట్టాక ఆ తుపాకీని ఆయన చూసిన చూపు, స్కూలుకు పోయే పిల్లను చూసినట్టుంది. పెట్టె మూసి తాళం బాబా చేతికిచ్చారు. మదామ్ కూడా బయల్దేరడంతో నేనూ ఎక్కాను. దారంతా బాబా ఆ పెట్టె మీద చెయ్యి వేసుకుని కునుకు తీస్తూనే ఉన్నారు.

తుపాకీ వెళ్లింది. రాలేదు. చలి ముదిరింది, అన్నయ్యకు మనవరాలు పుట్టింది. అప్పుడు జెద్దా దుకాణదారు ఫోన్ చేశాడు. కంపెనీ వాళ్లు విప్పి చూస్తే మీట దగ్గర నూనెలో నాని ఏదో ఎర్రపొడి ఉందట. ఎవరో విప్పి ఏదో పోశారని వాళ్ల అనుమానం. అదేమిటో చెప్పేదాకా ముట్టుకోరు, వారంటీ మాటా ఎత్తరు. బాబాకు దుకాణదారు మీదే కోపం వచ్చింది. తను పంపింది ఉన్నది ఉన్నట్టే కదా. పొద్దున్నే జెద్దా వెళ్లి వాణ్ణి నిలదీస్తానని బండి సిద్ధం చెయ్యమన్నారు.

వంటింటి గుమ్మం దగ్గర అన్నయ్యను పట్టుకున్నాను. "ఊరుకోండి అన్నయ్యా. చెబితే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. పైగా కుంకుమ అంటే ఏమవుతుందో ఏమో."

"మరి దుకాణపోడు తిట్లు తినాల్నా? ఆనికేం తెలుసు, పాపం" అన్నారు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, అంతకన్నా ఎక్కువగా భయం వేసింది.

మర్నాడు పొద్దున బాబా వాకిట్లో గులాబీ మొక్కల పక్కన కూర్చున్నారు. నేను కాఫీ పోస్తున్నాను. అన్నయ్య కారు తాళాలు ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చి, వాటి పక్కన కుంకుమ డబ్బా పెట్టారు. వచ్చీరాని అరబ్బీలో చెప్పారు. "ఎర్రపొడి ఇది బాబా. నేనే పెట్టిన. మా దిక్కు దూరం పోయేటోళ్లకు పెడ్తం, మంచిగ తిరిగి రావాలని."

బాబా డబ్బా మూత తీసి చూశారు. "తుపాకీకా?"

"మనింట్లకెళ్లే పోయింది గద బాబా."

మంచు ఇంకా విడలేదు. గులాబీ ఆకుల మీంచి నీటిబొట్లు జారుతున్నాయి. బాబా నవ్వలేదు, అరవలేదు. ఫోన్ తీసి దుకాణదారుకు చెప్పారు. "అది నా ఇంటి పొడి. ఎవరూ విప్పలేదు. కడిగెయ్యమని రాయి." తర్వాత డబ్బా మూసి అన్నయ్య చేతిలో పెట్టారు. "నా వస్తువుల మీద ఇంకెప్పుడూ పెట్టకు" అని లోపలికి వెళ్లిపోయారు.

అన్నయ్య అప్పుడే సూట్‌కేసు సర్దుకున్నారు. "పంపిస్తె తొట్టెల జూస్త, గని మల్ల రాను చెల్లె" అన్నారు. అది సంతోషమో దుఃఖమో ఆయనకే తెలియలేదు. నేను ఆగలేక పిండి కలుపుతూ తొట్టెల సంగతి మదామ్ చెవిన వేశాను. ఆమె బాబాకు చెప్పింది.

సాయంత్రం బాబా అన్నయ్యను పిలిచారు. "తుపాకీ ఎప్పుడొస్తుందో నాకు తెలియదు. పసిపిల్ల ఆగదు. వెళ్లి రా." సెలవుకు వెళ్లి తిరిగొచ్చే రీఎంట్రీ వీసా ఫోన్‌లోనే కొట్టారు. అన్నయ్య గోడకు ఆనుకుని చంటిపిల్లాడిలా ఏడ్చారు. ఆ ఏడు వేట లేదు. తుపాకీ బాగై ఎప్పుడో వచ్చింది. ఎవరు తెచ్చారో, దాన్ని బాబా ఎప్పుడు పేల్చారో నాకు జ్ఞాపకం లేదు.

అన్నయ్య తిరిగొచ్చి మరికొన్నేళ్లు పనిచేసి, రెండేళ్ల కిందట పూర్తిగా ఇంటికి వెళ్లారు. పోయారని బాబాకు చెప్పాను. "అతను నడిపితే నిద్రపట్టేది" అన్నారు.

ఈ వారమంతా నాకు కళ్లు మూస్తే ఒకటే కనపడుతోంది. తొట్టెల రోజు మధ్యాహ్నం ఆయన చేసిన వీడియో కాల్. "చెల్లె, సూస్తున్నవా?" అన్నాక మాట తెగిపోయింది, బొమ్మ మాత్రమే మిగిలింది. ఫోన్ బాబాకు ఇచ్చాను. దూలానికి కట్టిన తొట్టెల, తాడు పట్టుకున్న అన్నయ్య చెయ్యి. తొట్టెల తెరలోంచి వెళ్లిపోతుంది, మళ్లీ వస్తుంది. వచ్చినప్పుడల్లా ఒక చిన్న పిడికిలి కనపడుతుంది. బాబా ఒక చేత్తో ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పట్టుకుని చూస్తున్నారు. కుర్చీ చేతి మీద ఉన్న ఆయన ముసలి చెయ్యి, తనకు తెలియకుండానే, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊగుతోంది.